గేర్ బాక్స్ దించాలన్నారా? రిపేరు, పాత బాక్సు, కొత్త బాక్సు, బండి అమ్మకం: ఏది ఎప్పుడు మేలు

మన వైపు గేర్ సరిగ్గా పడటం లేదని కారుని షెడ్డుకి తీసకపోతే మొదట వినపడే మాట ఒకటే, "గేర్ బాక్స్ దించాలన్నా" అని. ఆ మాట చెవిన పడ్డ కాడి నుంచి మనకి కాళ్లూ చేతులూ ఆడవు, ఎంతవుద్దో తెలీదు, ఎన్నాళ్లు పడుద్దో తెలీదు, ఒకరేమో అమ్మేయ్ బావా అంటారు, ఇంకోరేమో మద్రాసు నుంచి పాత బాక్సు తెప్పిద్దాం అంటారు. నేను కావలిలో ఉంటా. పాత డీజిల్ మాన్యువల్ బండి ఒకటి, ఇంట్లోవాళ్లు నడిపే ఆటోమేటిక్ ఒకటి ఉన్నాయి, వారంలో మూణ్ణాలుగు సార్లు ఒంగోలుకో నెల్లూరుకో హైవే మీద పోయి రావాల్సిందే. ఈ గేర్ బాక్సుల మీద నేను పోగొట్టుకున్న డబ్బులు ఇంకోరు పోగొట్టుకోకూడదనే రాస్తా ఉండా.

ముందు నా సంగతి చెప్తా. నా డీజిల్ బండికి ఓ రోజు పొద్దున్నే ఫస్ట్ గేరు పడలా, రివర్స్ వేస్తే గర్రుమని అరుపు. తీసకపోయి ఒక షెడ్డులో పెట్టినా, వాళ్లు తొక్కి చూడకుండానే బాక్సు దించేశారు, మూడు రోజులు బండి జాకీల మీదే ఉంది, తీరా విప్పి చూస్తే గేర్లు బాగానే ఉండాయి. పోయిందల్లా క్లచ్ పెడల్ నుంచి వచ్చే ఆయిల్ లైన్ చివర ఉండి క్లచ్‌ని నెట్టే స్లేవ్ సిలిండర్, అందులో చిన్న సీలు. దాన్ని బాక్సు దించకుండానే బయట నుంచి మార్చొచ్చు నా బండిలో. దించినందుకు లేబర్, ఎక్కించినందుకు లేబర్, కొత్త గేర్ ఆయిల్, అన్నీ నా మీదే పడినాయి. (కొన్ని బళ్లలో ఈ సిలిండర్ బాక్సు లోపలే, క్లచ్‌ని విడదీసే రిలీజ్ బేరింగ్‌తో కలిసి ఉంటది, వాటికి దించక తప్పదు, మీ బండి ఏ రకమో ముందే అడగండి.)

అందుకే చెప్పేది, షెడ్డుకి పోకముందే మీ ఇంటి ముందరే ఓ పది నిమిషాలు పెట్టి చూసుకోండి. మాన్యువల్ బండికి మొదటి పరీక్ష చాలా సింపుల్. ఇంజిన్ ఆపి ఒకటి నుంచి రివర్స్ దాకా అన్ని గేర్లూ వేసి చూడండి. ఆపినప్పుడు వెన్నలాగా పడతా, స్టార్ట్ చేసినాక గట్టిగా పడతా ఉంటే తప్పు గేర్లలో కాదు, క్లచ్ పూర్తిగా విడవటం లేదని అర్థం. పెడల్‌ని రెండు మూడు సార్లు గబగబా కొడితే అప్పుడు గేరు పడుతుందా, అయితే లైన్లో గాలి చేరింది లేదా ఆయిల్ కారతా ఉంది. బానెట్ ఎత్తి బ్రేక్ ఆయిల్ డబ్బా చూడండి, చాలా బళ్లలో బ్రేకుకీ క్లచ్‌కీ అదే డబ్బా, కాబట్టి అది తగ్గతా ఉంటే ఆలస్యం చేయబాకండి, అది గేరు సంగతి కాదు బ్రేకు సంగతి. పెడల్ కింద మ్యాట్ ఎత్తి తడి ఉందేమో కూడా చూడండి, పెడల్ దగ్గరుండే పై సిలిండర్ కారితే అక్కడికే వస్తది. కేబుల్ క్లచ్ ఉన్న బళ్లకయితే కేబుల్ సాగటం, అంచు తెగటం, అంతే, తక్కువలో పోద్ది.

ఇంజిన్ ఆపినా కూడా గేరు గట్టిగానే ఉంటే అప్పుడు గేర్ రాడ్డు నుంచి బాక్సుకి పోయే కేబుళ్లూ, వాటి బుష్షులూ చూడాలి. ప్లాస్టిక్ బుష్ అరిగితే రాడ్డు గరిటె తిప్పినట్టు తిరుగుద్ది, ఏ గేరు యాడ ఉందో తెలీదు. అదీ బయట పనే.

ఒక్క గేరులోనే, మూడు నుంచి రెండుకి తెచ్చేటప్పుడు మాత్రమే గరగర వస్తా మిగతావి బాగుంటే మటుకు లోపల ఇత్తడి సింక్రో రింగు (గేరు మారేటప్పుడు తిరిగే పళ్ల వేగాలు కలిపేది) అరిగింది. గేరు పడినాక కాస్త గుంతలో దిగంగానే న్యూట్రల్‌కి ఎగిరిపోతా ఉంటే లోపల గేరుని జరిపే ఫోర్కో పళ్లో అరిగినాయి, లేదా ఇంజిన్ మౌంటింగ్ రబ్బరు తెగింది, మౌంటింగ్ చూడకుండా బాక్సు విప్పనియ్యబాకండి. రివర్స్ ఒక్కదానికే గర్రుమంటే కంగారు పడొద్దు, చాలా బళ్లలో రివర్స్‌కి సింక్రో ఉండదు, క్లచ్ తొక్కి ఓ నాలుగైదు సెకన్లు ఆగి వేస్తే పడిపోద్ది. అలా ఆగినా అరుస్తా ఉంటేనే క్లచ్‌ని అనుమానించాలి.

ఇక క్లచ్ జారటం. రేస్ ఇస్తే ఇంజిన్ మోత పెరుగుద్ది, బండి మాత్రం కదలదు, ఐదో గేరులో ఓవర్‌టేక్ చేయబోతే ఆర్పీఎమ్ ముల్లు ఎగిరిపోద్ది. పరీక్ష ఏందంటే, సమంగా ఉన్న నేల మీద, ముందు ఎవురూ లేనిచోట, హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగి నాలుగో గేరులో పెట్టి కొంచెం రేస్ ఇచ్చి క్లచ్ వదలండి. ఇంజిన్ టక్కున ఆగిపోతే ప్లేటు బాగుంది, ఆగకుండా గుయ్యిమంటా ఉంటే అయిపోయింది. ఒక్కసారి చూస్తే చాలు, మళ్లీ మళ్లీ చేస్తే ఉన్న ప్లేటు కూడా కాలిపోద్ది. దోర్నాల దాటినాక శ్రీశైలం ఘాట్‌లో లారీ వెనక ఇరుక్కుని సగం క్లచ్ మీద ఎక్కించేవాళ్లకి ఆ వాసన బాగా తెలుసు, పాత పేపర్లు కాలినట్టు ముక్కుకి పట్టేస్తది. ఆ వాసన ఒకసారి వచ్చి పోతే పక్కన ఆపి చల్లారనిస్తే చాలు, ప్రతి ఎక్కుడికీ వస్తా ఉంటే సెట్టు మార్చాల్సిందే.

సెట్టు అంటే ప్లేటు, దాన్ని అదిమి పట్టే ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు మూడూ. ప్లేటు ఒక్కటే మారుద్దాం మిగతావి బాగుండాయి అనే మాటకి ఒప్పుకోబాకండి, బాక్సు దించే లేబర్ మొత్తం ఒకటే, ఆర్నెల్లకి బేరింగు అరిస్తే మళ్లీ అదే లేబర్ కట్టాలి. నాకు పోయినేడు మూడూ కలిపి లేబర్‌తో పదకొండు వేల ఎనిమిది వందలయింది. చాలా డీజిల్ బళ్లకీ, కొన్ని పెట్రోల్ బళ్లకీ ఫ్లైవీల్ (ఇంజిన్ చివర తిరిగే బరువు చక్రం) రెండు పొరలుగా ఉంటది, డ్యూయల్ మాస్ అంటారు, అది పోతే ఇంజిన్ ఆపేటప్పుడు దడదడలాడతది, క్లచ్ కంటే అదే ఎక్కువ ఖరీదు. బాక్సు దించినప్పుడే దాన్ని చేత్తో అటూ ఇటూ తిప్పి ఎంత లూజు ఉందో చూడమనండి. ఇక వాలియో, లుక్, ఎక్సెడీ లాంటివి కార్ల కంపెనీలకే క్లచ్‌లు చేసిచ్చే పేర్లు, మీ మోడల్‌కి సరిపోయే నంబరుది బిల్లుతో దొరికితే షోరూం డబ్బా కోసమే పట్టుబట్టక్కర్లేదు. బిల్లు లేకుండా మూడో వంతు రేటుకి వచ్చేది మటుకు వద్దే వద్దు.

శబ్దాలు కూడా చెప్తా, ఇక్కడే ఎక్కువ మంది తప్పు పనికి డబ్బులు కడతా ఉండారు. న్యూట్రల్‌లో ఉండగా గిర్రుమంటా, క్లచ్ తొక్కగానే ఆగిపోతే అది బాక్సు లోపలి ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగు. తొక్కినప్పుడే మొదలయితే రిలీజ్ బేరింగు. స్టీరింగ్ పూర్తిగా తిప్పి కదిలిస్తే టకటకమంటే అది యాక్సిల్ జాయింటు, గేర్ బాక్సుకి సంబంధం లేదు. ఎనభైలో పోతా ఉంటే ఉమ్మ్‌మని మోగతా, బండిని కొంచెం ఎడమకీ కుడికీ ఊపితే ఆ మోత మారతా ఉంటే చక్రం బేరింగు. మాకు తెలిసినాయనకి ఈ చక్రం బేరింగు మోతకే గేర్ బాక్సు మార్చాలని చెప్పి అడ్వాన్స్ కూడా తీసుకున్నారు. ఆయన కొడుకు ఇంకో మెకానిక్‌ని కూర్చోబెట్టుకుని నడిపి చూపించబట్టి ఆగింది.

ఆయిల్ చూడటం అన్నిటికంటే పెద్ద పరీక్ష అని నా నమ్మకం. బాక్సు విప్పక ముందు కింద డ్రెయిన్ బోల్టు తీయించి మీరు దగ్గరుండి చూడండి. మా షెడ్డు భాయ్ ఎప్పుడూ ఒక తెల్ల ప్లాస్టిక్ ట్రేలో పట్టి ఎండలో పెడతాడు. చాలా బోల్టులకి మొన దగ్గర చిన్న అయస్కాంతం ఉంటది, దాని మీద బూడిద రంగు ముద్ద కాటుకలాగా వేలికి అంటుకుంటే అది మామూలు అరుగుదలే, లక్ష కిలోమీటర్లు తిరిగిన బండికి అంత ఉండాల్సిందే. వేళ్ల మధ్య రుద్దితే ఇసకలాగా గుచ్చుకుంటే, గోరంత ముక్క దొరికితే, పన్నో బేరింగో విరిగింది, ఇక నడపొద్దు. ఆయిల్లో బంగారం పొడి చల్లినట్టు మెరిస్తే అది ఇత్తడి, ఇత్తడి అయస్కాంతానికి అంటదు గదా ఆయిల్లోనే తేలుద్ది, సింక్రో రింగులు పోతా ఉండాయన్నమాట. పాలు ఎక్కువైన టీ రంగులో ఉంటే నీళ్లు పోయినాయి. రంగు బాగుండి తక్కువగా ఉంటే యాక్సిల్ దగ్గర ఆయిల్ సీలు కారింది, సీలు మార్చి కొత్త ఆయిల్ పోస్తే చాలా సార్లు అక్కడితో అయిపోద్ది. పోసేది మాత్రం బండి పుస్తకంలో ఉన్న గ్రేడే పోయించండి, జీఎల్-4 అని ఉంటే జీఎల్-5 ఇంకా పెద్ద నంబరు గదా మంచిదనుకోబాకండి, దాంట్లో కలిపే మందులు కొన్ని ఇత్తడిని తినేస్తాయి.

సరే, ఇవన్నీ చూసినాక నిజంగానే మాన్యువల్ బాక్సు లోపలే తప్పు ఉందని తేలింది, అప్పుడు మూడు దారులు. ఒకటి విప్పి పోయిన సామానే మార్చటం. సింక్రో రింగులు, బేరింగులు, సీళ్లు ఇంత వరకే అయితే నా ఓటు దీనికే, మన నెల్లూరు ఆటోనగర్‌లో చేతి పనితనం ఉన్నోళ్లకి మాన్యువల్ బాక్సు కొత్త కాదు, లారీల బాక్సులు విప్పి పెరిగినోళ్లు. రెండోది పాత బాక్సు, చెన్నై పుదుపేట నుంచో విజయవాడ ఆటోనగర్ నుంచో. పళ్లు విరిగి హౌసింగ్ కూడా పగిలితే సామాను రేటు కలిపితే పాత బాక్సే చవక, కానీ కొనే ముందు మోడలూ, సంవత్సరమూ, బాక్సు మీద కొట్టిన కోడూ సరిపోవాలి, ప్రతి గేరులో షాఫ్ట్‌ని చేత్తో తిప్పి మెత్తగా తిరుగుతుందో లేదో చూడాలి, అందులో మిగిలిన ఆయిల్ వేలితో తీసి చూడాలి. బిగించినాక బాగాలేకపోతే తిరిగి తీసుకుంటానని చీటీ మీద రాయనోడి దగ్గర కొనబాకండి, బాక్సు తిరిగి తీసుకున్నా మీ లేబర్ పోయినట్టే, దాన్ని కూడా లెక్కలో వేసుకోండి. మూడోది కంపెనీ నుంచి కొత్త బాక్సు, వారంటీలో ఉంటే తప్ప మాన్యువల్ బండికి నేను దీని జోలికి పోను.

ఆటోమేటిక్‌కి వచ్చేసరికి ఈ లెక్క మొత్తం తిరగబడుద్ది. ముందు మీది ఏ ఆటోమేటిక్కో తెలుసుకోవాలి, అన్నిటినీ ఆటో గేర్ అనే పిలుస్తారు గానీ లోపల నాలుగు రకాలు.

ఏఎమ్‌టీ అంటే మామూలు మాన్యువల్ బాక్సే, మన కాలూ చెయ్యీ చేసే పని మెషిన్ చేస్తది. 2014లో మారుతి సెలెరియోతో మన దేశంలో మొదలయింది, తక్కువ రేటు ఆటోమేటిక్కులు చాలా వరకు ఇవే. గేరు మారేటప్పుడు తల ముందుకి ఊగటం దీని గుణం, జబ్బు కాదు. దీంట్లో క్లచ్ ప్లేటు మామూలుగానే అరుగుద్ది, ఎక్కుడు మీద బ్రేకు తొక్కకుండా యాక్సిలరేటర్‌తోనే బండిని నిలబెట్టేవాళ్లకి తొందరగా పోద్ది. గేరు అసలు పడటం లేదంటే ముందు బ్యాటరీ వోల్టేజీ, వెనక బ్రేకు లైటు వెలుగుతుందో లేదో చూడండి, బ్రేకు తొక్కినట్టు బండికి తెలీకపోతే అది గేరే వేయదు. స్విచ్ మార్చినంత మాత్రాన సరిపోయిన బళ్లు ఉండాయి. క్లచ్ మార్చినాక స్కానర్ (బండి కంప్యూటర్‌ని చదివే మిషన్) పెట్టి కొత్త ప్లేటుని బండి కంప్యూటర్‌కి నేర్పించాలి, ఆ స్కానర్ లేని షెడ్డులో మార్పించబాకండి.

టార్క్ కన్వర్టర్, అంటే ఇంజిన్ తిరుగుడుని ఆయిల్ ద్వారా బాక్సుకి అందించేది, పాతకాలపు గట్టి రకం, ఇన్నోవా క్రిస్టా ఆటోమేటిక్కులు ఇవే. దీనికి ప్రాణం ఆయిలే. డీ లో వేసినాక ఒకటి రెండు సెకన్లు ఆలోచించి కదలటం, హైవే మీద యాభై నుంచి డెబ్భై మధ్య సన్నగా తొక్కి పోతా ఉంటే రోడ్డు మీద రంబుల్ స్ట్రిప్ ఎక్కినట్టు వణకటం, ఇవి తొలి గుర్తులు. ఈ దశలో సరైన ఆయిల్ మారిస్తే చాలా బళ్లు కుదురుకుంటాయి, అందుకే ఇది కనపడిన వారంలోనే పోవాలి. చాలా బళ్లలో ఆయిల్ ఎర్రగా ఉండాలి, నల్లబడి మాడు వాసన వస్తే లోపల క్లచ్‌లు కాలతా ఉండాయి, దాన్ని ఇంకా నడిపితే పది వేలతో పోయేది లక్ష దాటుద్ది. ఈ ఆయిల్ లైఫ్‌టైమ్, మార్చక్కర్లేదు అని చెప్పే మాటని నేను నమ్మను, రోహిణి కార్తెలో రోళ్లు పగిలే మన ఎండలకి హైవే మీద ఏసీ వేసుకుని ఫుల్ లోడుతో తిరిగే బండికి ఆ మాట వర్తించదు. అసలు మార్చనే మార్చని పాత బండికి మిషన్ పెట్టి ఒత్తిడితో కడగటం కంటే, దింపి పోసి కొన్ని రోజులు నడిపి మళ్లీ దింపి పోయటం మేలు. ఇప్పటి బళ్లకి చాలా వాటికి డిప్ స్టిక్ ఉండదు, ఆయిల్ కొలత ఒక వేడి దగ్గరే చూడాలి, "అర లీటరు ఎక్కువే పోద్దాంలేన్నా" అనేవాళ్ల దగ్గర నుంచి బండి తెచ్చుకోండి.

సీవీటీలో గేర్లే ఉండవు, రెండు కప్పీల మధ్య ఇనప బెల్టు. తొక్కితే మోత ముందు, వేగం వెనక రావటం దాని పద్ధతి, హోండా సిటీ, పాత బాలెనో సీవీటీ నడిపినోళ్లకి అలవాటే. కొత్తగా ఈల లాంటి మోతో, కదిలేటప్పుడు గుద్దినట్టో వస్తే మాత్రం జాగ్రత్త పడాలి. దీని ఆయిల్ వేరే, టార్క్ కన్వర్టర్ ఆయిల్ దీంట్లో పోస్తే బెల్టు జారి బాక్సు పోద్ది, డబ్బా మీద సీవీటీ అనీ మీ కంపెనీ చెప్పిన నంబరూ ఉందో లేదో మీరే చదవండి. బెల్టూ కప్పీలూ గీతలు పడితే మన ఊళ్లలో విప్పి చేసేవాళ్లు తక్కువ, బాక్సు మార్చటమే.

డీసీటీ, డీఎస్‌జీ అంటే రెండు క్లచ్‌లది, నడపటానికి ముచ్చటగా ఉంటది. ఇందులో పొడి క్లచ్ (ఆయిల్లో మునగని క్లచ్) రకానికి ట్రాఫిక్ అంటే పడదు, పాకించి పాకించి నడిపితే వేడెక్కి మీటర్లో హెచ్చరిక వస్తది. 2013లో ఫోక్స్‌వ్యాగన్ చైనాలో ఈ డీఎస్‌జీ గురించే 3.84 లక్షల బళ్లని వెనక్కి పిలవాల్సి వచ్చింది. హెచ్చరిక వస్తే పక్కన ఆపి చల్లారనివ్వండి, ట్రంకు రోడ్డు ట్రాఫిక్‌లో అయితే ముందు బండితో కొంచెం సందు వదిలి, సందు దొరికినాక ఒక్కసారే కదిలించండి. ఒకటి, మూడు, ఐదు గేర్లు పడి రెండు, నాలుగు, ఆరు పడకపోతే ఒక వైపు క్లచ్ తాలూకు సమస్య అని స్కానర్ లేకుండానే సగం తెలుస్తది.

ఏ ఆటోమేటిక్ అయినా ఒక గేరులోనే బిగుసుకుని మెల్లగా పోతా ఉంటే అది తనని తాను కాపాడుకుంటా ఉందన్నమాట. ముందు స్కానర్ పెట్టించి కోడ్ కాగితం మీద రాయించుకోండి. పీ0700 ఒక్కటే వస్తే గేర్ కంప్యూటర్ ఏదో చెప్పాలనుకుంటుంది అనే వరకే అర్థం, దాన్ని చూసి బాక్సు మార్చాలంటే ఒప్పుకోబాకండి, లోపలి కోడ్‌లు కూడా తీయించాలి. పీ0741 అయితే కన్వర్టర్ లాకప్, అంటే ఇంజిన్‌నీ బాక్సునీ నేరుగా కలిపే క్లచ్, అది వాల్వో సోలినాయిడో (ఆయిల్‌ని వదిలే కరెంటు మీట) ఆయిలో కూడా కావొచ్చు. కాబట్టి ఆటోమేటిక్‌కి నేను పోయే వరస ఇది: స్కానర్, ఆయిల్, సోలినాయిడ్ లేదా వాల్వ్ బాడీ (ఆయిల్ దారులు మళ్లించే భాగం), ఆ తర్వాతే బాక్సు. ఈ వరసలో పనిచేసే స్పెషలిస్టు దగ్గరకి చెన్నై దాకా అయినా పోతా. పాత ఆటోమేటిక్ బాక్సు మాత్రం కొనను, మాన్యువల్‌లాగా చేత్తో తిప్పి చూసి చెప్పే వీలు లేదు, లోపల క్లచ్‌లు ఎంత మిగిలినాయో అమ్మేవాడికీ తెలీదు. తీసకపోయేటప్పుడు తాడు కట్టి లాగించబాకండి, ఇంజిన్ ఆగితే లోపల ఆయిల్ తిప్పే పంపు కూడా ఆగుద్ది, చక్రాలు తిరిగితే బాక్సు ఎండిపోయి అరుగుద్ది. నాలుగు చక్రాలూ పైకెక్కే ఫ్లాట్‌బెడ్ బండే పిలిపించండి.

వాన సంగతి ఒకటి. 2021 నవంబర్‌లో పెన్నా పొంగినప్పుడు నెల్లూరు, కోవూరు వైపు చాలా బళ్లు నీళ్లలో నిలబడినాయి. ఇంజిన్‌లోకి నీళ్లు పోలేదని సంతోషపడతారు గానీ, వేడిగా ఉన్న గేర్ బాక్సు చల్లటి నీళ్లలో మునిగితే పైనున్న బ్రీదర్, అంటే గాలి వచ్చిపోయే రంధ్రం నుంచి నీళ్లని లోపలికి పీలుస్తది. చక్రాల సగం పైన మునిగిన బండికి ఆలస్యం లేకుండా గేర్ ఆయిల్ మార్చటం చవకలో చవక. ఇన్సూరెన్సులో ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవరు తీసుకునేటప్పుడు గేర్ బాక్సు కూడా అందులో రాసుందో లేదో అడిగి చూడండి.

అమ్మేద్దామా ఉంచుకుందామా అనేదానికి నా లెక్క ఇట్టా ఉంటది. గేర్ బాక్సు బాగుంటే ఆ బండి ఎంతకి పోద్దో ఇద్దరు బ్రోకర్లని అడగండి. రిపేరు అందులో నాలుగో వంతు లోపు ఉండి, ఇంజిన్ బాగుండి, తుప్పు లేకపోతే రిపేరు చేయించి ఉంచుకోండి. మూడో వంతు దాటి అది సీవీటీనో డీసీటీనో అయితే ఉన్నది ఉన్నట్టు చెప్పి అమ్మటమే నయం, దాచి అమ్మితే కొనుక్కున్న కుటుంబం ఘాట్ మధ్యలో ఆగిపోతది. ఇక తర్వాత బండి కొనేవాళ్లకి, ఒంగోలు, నెల్లూరు మధ్య హైవే తిరుగుడు ఎక్కువ అయితే టార్క్ కన్వర్టర్, ఊళ్లోనే తిరుగుడు, బడ్జెట్ తక్కువ అయితే ఏఎమ్‌టీ, కనిగిరి, ఉదయగిరి లోపలి పల్లెలకి పోయేవాళ్లకి ఇప్పటికీ మాన్యువలే అంటా నేను, యాడ ఆగినా చెయ్యి పెట్టేవాడు దొరుకుతాడు.

బాక్సు దించటానికి ఒప్పుకునే ముందు మటుకు కాగితం మీద మూడు ముక్కలు రాయించుకోండి: ఏ పరీక్ష చేసి దించతా ఉండారు, విప్పినాక మీకు ఫోన్ చేసి చూపించేదాకా సామాను కొనరని, మార్చిన పాత సామాను మీకే ఇస్తారని. నా డీజిల్ బండికి రెండోసారి, ఈసారి నిజంగానే, ఇన్‌పుట్ బేరింగు పోయినప్పుడు భాయ్ ఆ పాత బేరింగుని గుడ్డలో చుట్టి చేతికిచ్చాడు. వేలు పెట్టి తిప్పితే రాళ్లు నమిలినట్టు కరకరమంది, లోపలి దారి మీద పెసరగింజంత గుంత స్పష్టంగా కనపడింది, ఇంకేం అడగాల్సిన పని లేకుండా బిల్లు కట్టేసి వచ్చినా.